శనివారం లడ్డూలు, రెండు వాడల తూకం

పటాన్‌చెరులో ఫ్యాక్టరీల షెడ్లు కొత్తగా లేస్తున్న రోజులవి. సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు పోయే బస్సు మా కంది స్టాపుకు ఏడున్నరకు వస్తుంది. సీటు కావాలంటే ఏడింటికే నిలబడాలి. స్వామి దయవల్ల నాకు ఆ శనివారం సీటు దొరికింది.

ఒడిలో రెండు నోటుబుక్కులు. ఆరు నెలలు మా ఊరి పై వాడ పిల్లలకు బలం పిండి పెట్టి, కింది వాడ పిల్లలకు పెట్టకుండా, అందరినీ నెలనెలా తూచి రాశాను. తేడా లేకపోతే పిండి ఆపేస్తామని, దాన్ని పంపే పటాన్‌చెరు ఆసుపత్రి డాక్టరుగారు కబురు పెట్టారు. తేడా లేదు. రెండు వాడల పిల్లలూ సమానంగా బరువు పెరిగారు. మూడుసార్లు కూడి చూశాను.

పక్కన కింది వాడ మల్లమ్మ, ఆమె ఒళ్ళో రెండేళ్ళ లచ్చి. షెడ్ల దగ్గర ఇటుకలు మోయడానికి పోతోంది.

"మీ శనివారం లడ్డూల పుణ్యమేనమ్మా, లచ్చి గిట్ల తేరింది. ఎత్తుకుంటె నడుము గుంజుతున్నది."

 మిగిలిన బలం పిండితోనే ప్రతి శనివారం హనుమంతుడికి లడ్డూలు చేసేదాన్ని. ప్రసాదం కదా, చాచిన ప్రతి చేతిలో పెట్టాను.

"గదొక్కటేనా?" మల్లమ్మ నవ్వింది. "మా పిల్లలు సూస్తుంటె వాళ్ళ పిల్లలు ఒక్కలే తింటె దిష్టి తగుల్తదని, పై వాడోళ్ళు రోజు ఇంత చేతిల పెడ్తరు."

ఎనిమిదిన్నరకు పటాన్‌చెరులో దిగాను. అంకెలన్నీ పెన్సిల్‌తో రాసినవే. కింది వాడవి కాస్త తగ్గిస్తే పిండి నిలుస్తుంది. ఆసుపత్రి బయట బల్ల మీద కూర్చుని పెన్సిల్ తీశాను. స్వామి పేరు తలుచుకుని మళ్ళీ సంచిలో వేశాను.

డాక్టరుగారు పేజీలు తిప్పారు. "రెండూ ఒకటే. ఆపేద్దామా?"

"రెండు వాడల్ల తినని పిల్లలే లేరు సార్. నా చేత్తోనే పెట్టిన."

"మరి ఇన్నాళ్ళూ దేనితో పోల్చాం?"

"మా ఊరి నుంచి పనికొచ్చి షెడ్ల కాడనే ఉంటున్నోళ్ళ పిల్లలు తినలేదు. చిక్కిపోయిండ్రు."

"వాళ్ళు ఎండలో ఉన్నారు. చిక్కడానికి అదీ కారణమే." నోటుబుక్కులు మూసి నా చేతికిచ్చారు. "మూడు నెలలు పై వాడకే పెట్టండి, తర్వాత కింది వాడకూ ఇద్దాం. వాడ పేరు రాసి ఊరుకోవద్దు, ఎవరి నోట్లో ఎంత పడిందో రాయండి. కింది వాడకు ఇప్పుడు పెట్టకండి. పెడితే మాత్రం దాచకండి."

నాలుగింటి బస్సులో మళ్ళీ మల్లమ్మే, తలనిండా సిమెంటు దుమ్ముతో. పిండి నిలిచినందుకు దండం పెట్టుకుంటుండగా లచ్చి చేయి చాచింది.

"ప్రసాదం లేదా అమ్మా ఇయ్యాల?" మల్లమ్మ అడిగింది.

డాక్టరుగారి కోసం తెచ్చి, భయంలో ఇవ్వడం మరిచిన లడ్డూ సంచిలోనే ఉంది. కంది వచ్చేదాకా ఇవ్వకుండా ఆగుదామనుకున్నాను. ఆ చేయి దిగలేదు. సగం విరిచి పెట్టాను.

తర్వాత నోటుబుక్కు తీసి, బస్సు కుదుపుల్లో వంకరగా రాశాను: లచ్చి, కింది వాడ, అర లడ్డూ.