నిద్ర అన్నచోట నొప్పి

వినపడని పిల్లల బడిలో ఆమెను అందరూ బొమ్మల టీచరనే పిలిచేవారు. పంతొమ్మిదేళ్లుగా అక్కడ డ్రాయింగ్ నేర్పుతోంది. ఆమె చెల్లెలికి పుట్టుకతోనే వినపడదు. చెల్లెలూ అదే బడిలో కుట్టుపని నేర్పుతుంది. చిన్నప్పుడు చెల్లెలి చేతుల మాట ఇంట్లో అక్కకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. తల్లిదండ్రులు నేర్చుకోవడానికి ఎక్కడా ఏమీ లేకపోబట్టే కదా ఇలా అయిందని, బొమ్మల టీచరు బడి కోసం ఒక వెబ్‌సైట్ తయారుచేసింది. చెల్లెలు సైగ చేస్తే ఫోటో తీసి, కింద మాట రాసి, అక్షరక్రమంలో పేర్చింది. అలా వెయ్యిన్నీ నూట పన్నెండు సైగలు.

పదమూడేళ్లు మూలుగుతూ నడిచిన బడి కంప్యూటర్ ఆ ఏడాది వేసవి సెలవుల్లో మొరాయించింది. హెడ్‌మిస్ట్రెస్ కొత్తది తెప్పించింది. అందులో ఆపరేటింగ్ సిస్టమ్ వేరు. వెబ్‌సైట్ కట్టిన పాత డిజైన్ సాఫ్ట్‌వేర్ దానిమీద నడవదు, ఇంకోటి నేర్చుకోవాల్సిందే. పాతదాంట్లో ఫోటోనూ మాటనూ కలిపి కట్టేసే వీలుండేది. కొత్తదాంట్లో ఫోటోలన్నీ ఒక వరసగా, మాటలన్నీ ఒక వరసగా ఇస్తే అదే జత కలుపుతుంది.

"బడి తెరిచేలోపు అయిపోవాలి టీచర్‌గారూ. పేరెంట్స్ ఊరికే ఫోన్లు చేస్తున్నారు," అంది హెడ్‌మిస్ట్రెస్.

"అయిపోతుందండీ. ఇంకో మూడు పేజీలే."

ఆ మూడింటిలో ఒంట్లో బాగోలేనప్పటి మాటల పేజీ ఒకటి. అరవై నాలుగు సైగలు. అంతా పేర్చాక చిట్టచివరి 'హాస్పిటల్' గడి ఖాళీగా మిగిలింది. ఆ ఫోటో ఎక్కడో జారిపోయిందనుకుని, వెతికి తెచ్చి చేత్తో అంటించింది. పై రెండు వరసలూ, ఆ చివరిదీ చూసుకుని, హమ్మయ్య అనుకుని లేచింది.

బడి తెరిచిన మూడు వారాలకు ఒక బస్సు డ్రైవరు సెలవు చీటీ పట్టుకుని ఆఫీసుకొచ్చాడు. ఆయన ఆరేళ్ల కూతురు అంతకు మూడు నెలల ముందే బడిలో చేరింది. మనిషి రెండు రోజులుగా నిద్రలేనట్టున్నాడు.

"పాపకి ఆపరేషనైందండీ. కడుపులో పేగు పగిలిందన్నారు. ఇప్పుడు గండం గడిచింది," అన్నాడు.

బొమ్మల టీచరు కుర్చీ జరిపి కూర్చోమంది. ఆయన కూర్చోలేదు.

"మా ఆవిడ వాళ్ల చెల్లెలి పురుడికెళ్లింది. ఇంట్లో నేనొక్కణ్ణే. శనివారం నుంచి పాప ఇలా అంటూనే ఉంది." రెండు చూపుడువేళ్లూ ఎదురెదురుగా పెట్టి మెలితిప్పాడు. "మన సైట్లో చూస్తే నిద్ర అని ఉంది. అన్నం వద్దంటే నిద్రమత్తనుకుని పడుకోబెట్టాను. మళ్లీ లేచి అదే అంటుంది, మళ్లీ పడుకోబెడతాను. సోమవారం ఒళ్లు కాలిపోతుంటే అప్పుడు తీసుకెళ్లాను. నేనే సరిగ్గా చూసుండను."

ఆ సైగ నొప్పిది. బొమ్మల టీచరు గబగబా కంప్యూటర్ గదిలోకి వెళ్లి పేజీ తెరిచింది. 'నిద్ర' అన్న మాట మీద నొప్పి ఫోటో ఉంది. 'నొప్పి' మీద పడక ఫోటో ఉంది. వెనక్కి వెతుక్కుంటూ పోతే తప్పు 'ఎక్కడ?' దగ్గర దొరికింది. ఫోటో ఫైలు పేరులో ఆమె ప్రశ్న గుర్తు కూడా పెట్టింది. పాత సిస్టమ్ దాన్ని ఒప్పుకునేది. కొత్తది ఒప్పుకోక ఆ ఫోటోను వదిలేసింది. అక్కణ్ణుంచి ఒక్కో ఫోటో ఒక్కో గడి ముందుకు జరిగింది. చివరి గడి ఖాళీగా నిలబడి ఆ సంగతి చెప్పనే చెప్పింది. తనే దాని నోరు మూసింది.

తిరిగొచ్చేసరికి డ్రైవరు వెళ్లిపోయాడు. విషయమంతా విని హెడ్‌మిస్ట్రెస్ తలుపు దగ్గరగా వేసింది.

"సరిచేసేయండి. పాప బతికింది, అది చాలు. ఆయనే తన పొరపాటంటున్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"కంద ఆసుపత్రిలో ఉందండీ," అంది బొమ్మల టీచరు.

ఆ సాయంత్రమే ఆసుపత్రికి వెళ్లింది. పాప పడుకుని ఉంది, ముక్కులో గొట్టం. వరండాలో నిలబడి డ్రైవరుకు ఉన్నదున్నట్టు చెప్పింది.

"రెండ్రోజుల నుంచీ నన్ను నేను తిట్టుకుంటున్నానండీ," అన్నాడు ఆయన. "ఇప్పుడు మిమ్మల్ని తిట్టాలా? అది ఏడుస్తుంటే దుప్పటి కప్పింది నేను కదా." పాప మంచంవైపు తిరిగి, "మీరిక వెళ్లండి," అన్నాడు.

మర్నాడు వెబ్‌సైట్ మొదటి పేజీలో, ఏ పేజీ ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా తప్పుగా ఉందో పెద్ద అక్షరాల్లో రాసింది. హెడ్‌మిస్ట్రెస్ చూసి ముఖం ముడుచుకుంది కానీ తీసేయమనలేదు. అక్కాచెల్లెళ్లిద్దరూ కూర్చుని వెయ్యిన్నూట పన్నెండునూ ఒక్కొక్కటిగా సరిచూడటం మొదలుపెట్టారు. చెల్లెలు తెరమీది మాట చదివి తన చేతులతో చేసి చూపిస్తుంది. అక్క దాన్ని ఫోటోతో పోల్చి టిక్కు పెడుతుంది. వేరే పేజీల్లో ఇంకో నాలుగు తప్పులు బయటపడ్డాయి. అవి ఎవరింట్లో ఏం చేశాయో తెలిసే దారి లేదు. ఆ సంగతి చెల్లెలితో అంటే, చెల్లెలు తర్వాతి మాటకు వెళ్లింది.

పాప నెల తర్వాత బడికొచ్చింది. డ్రైవరు ఇప్పుడు సెలవురోజుల్లో కుట్టు గదికి వచ్చి చెల్లెలి ఎదుట కూర్చుని సైగలు నేర్చుకుంటున్నాడు. వెబ్‌సైట్ చూడటం మానేశాడట. వరండాలో ఎదురుపడితే బొమ్మల టీచరుకు తలూపి ముందుకు సాగిపోతాడు.