నా చేత్తో పోసిన సీసా

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అత్త ఊరందరి ముందూ అంటుండేది. కోపమొచ్చేది గానీ, అబద్ధమేం కాదు. అలాంటి నోట్లో ఒక మాట ఏళ్ళుగా నానుతోంది. అన్నం తింటున్నా దాని పక్కనుంచి తిప్పి మింగుతున్నట్టే ఉంటుంది. ఇవాళ మీకు చెప్తాను. నా పేరు మాత్రం అడగొద్దు.

మాది మార్కాపురం దగ్గర పల్లె. సేద్యం ఉంది, ట్రాక్టరు ఉంది. మా ఆయనకు అవేవీ ఆనలేదు. పాతదే అయినా ఒక టర్బో కారు కొని, బెంగళూరు తీసుకుపోయి దాని బలం పెంచి తెచ్చాడు. ట్యూనింగట. అప్పట్నుంచి దానికి మన బంకుల్లో దొరికే పెట్రోలు చాలదు. అది మాత్రమే పోసి తొక్కితే ఇంజను లోపల టకటకమని కొట్టుకుంటుంది. పగిలిన పలకను వేలితో తట్టినట్టుంటుంది ఆ చప్పుడు. అది రాకుండా ట్యాంకులో ఆక్టేన్ బూస్టర్ అని ఒక సీసా మందు పొయ్యాలి.

ఆ సీసాలు మార్కాపురంలో దేవదానం అనే ఆయన దుకాణంలో తెచ్చేవాడు. కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, మెకానిక్కు పని నేర్చి, సొంతంగా ఆ దుకాణం పెట్టుకున్న మనిషి. అమ్ముతూనే వద్దనేవాడు. "ఆ ట్యూనింగ్ తగ్గించుకో నాయనా. సీసా మీద బతికే ఇంజను సీసా లేని రోజు చస్తాది." మా ఆయన నవ్వేసేవాడు.

నాకు భయం. ఆదివారం వస్తే స్నేహితులతో గిద్దలూరు దాటి నల్లమల ఘాట్‌లో పందాలు. పోయే ముందు సీసా నా చేత పోయించేవాడు. మా ఇళ్ళల్లో మొదటి పిడికెడు విత్తనం ఇంటి ఆడమనిషి చేత వేయిస్తారు, అట్లా. నా చెయ్యి మంచిదట. నా చేత్తో నేనే ఆయన్ను ఆ కొండకు పంపుతున్నట్టుండేది. దేవుడా, ఎంత బతిమాలాను! ఎంత తిట్టాను! వింటేనా?

ఒక శనివారం కొత్త సీసా సీలు విప్పాను. మందు పెరట్లో పారబోశాను. ట్రాక్టరు కోసం తెచ్చిన క్యాన్‌లోంచి డీజిల్ నింపి మూత బిగించాను. తెల్లారి ఆయన అద్దం తుడుచుకుంటుంటే ట్యాంకులో పోశాను. ఇంజను కొట్టుకుంటుంది, పాడవుతుంది, కారు మూలన పడుతుంది, పీడా పోతుంది. అంతే అనుకున్నాను. అంతేనా అనుకున్నది? కొండ ఎక్కేటప్పుడు పాడైతే మనిషి ఏమవుతాడని ఒక్క క్షణమైనా తోచలేదా? తోచిందేమో. తోచినా పోశానేమో. ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఘాట్‌లో లారీని దాటబోతుంటే ఇంజను పట్టేసింది. కారు పోయి రాతిగోడను కొట్టింది. ప్రాణం దక్కింది గానీ ఆయన ఎడమకాలు మళ్ళీ సరిగా వంగలేదు.

ట్యాంకులో డీజిల్ కలిసిందని గిద్దలూరులో కారు విప్పిన మెకానిక్కు చెప్పాడు. ఇంకేముంది, దేవదానం నకిలీ మందు అమ్మాడని మా వాళ్ళంతా ఎగబడ్డారు. ఆయన తనంతట తానే మా ఇంటికొచ్చాడు. మెట్ల కింద నిలబడి ఖాళీ సీసా అడిగాడు. వాసన చూశాడు. తర్వాత నా ముఖం వైపు చూశాడు.

"అమ్మా, ఇది నేనిచ్చిన మందు గాదు. మూత నువ్వే తీసినావంట గదా?"

"ఆ."

"తీసేటప్పుడు సీలు ఉండిందా? ఉన్నది ఉన్నట్టు చెప్పు తల్లీ. నా దుకాణం నీ మాట మీదుంది."

మా బావ పక్కనే నిలబడి వింటున్నాడు.

"లేదు" అన్నాను.

ఆయన సీసా మెట్టు మీద పెట్టి పోయినాడు. నా మాట, ఆయన మాట పక్కపక్కన పెడితే ఊరు ఏది నమ్ముతుందో నాకు తెలుసు. ఆయన ఏ ఇంటివాడో, నేను ఏ ఇంటిదాన్నో తెలుసు. తెలిసే అన్నాను. డీజిల్ పోసింది భయంతో అని సర్దిచెప్పుకోవచ్చు. దీనికేం చెప్పుకోను?

మా వాళ్ళు పోయి దుకాణం పగలగొట్టారు. ఆయన పామూరు పోయి ఎవరి షెడ్డులోనో కూలికి చేరాడు. ఒకసారి కనిగిరి బస్టాండులో ఎదురుపడి, మా ఆయన కాలు ఎట్లుందని అడిగాడు. బాగుందన్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

మొన్న మా ఆయన మళ్ళీ కారు కొన్నాడు. క్లచ్ తొక్కే పని లేనిది, ఇదీ టర్బోనే. అప్పుడే బెంగళూరు పోయొచ్చింది. కిటికీలో కొత్త సీసా పెట్టి, ఈసారి ఎవరినీ నమ్మనన్నాడు. సీలు నన్నే చూసుకోమన్నాడు, నన్నే పొయ్యమన్నాడు. రేపు ఆదివారం. డీజిల్ క్యాన్ పెరట్లో ఉన్నచోటే ఉంది. చూడకూడదనుకుంటూనే అటు చూస్తున్నాను.

రేపు ఈ చెయ్యి ఏం చేస్తుందో నాకే తెలియదు. ఆయనకు నిజం చెప్పే ధైర్యం లేదు. పామూరు పోయి ఆ పెద్దమనిషి ముందు నిలబడే ముఖం అంతకన్నా లేదు. మీరు క్షమించాలని కూడా రాయలేదు. మా బావ ముందు అనవలసిన మాట ఒకటి ఎక్కడో ఒకచోట అనాలి, అందుకు రాశాను.

సీలు ఉండింది. నేనే విప్పాను.