ఎడమపక్క తెల్లపూస

చీరాలలో పెళ్ళి కుదిరిందంటే, బంగారానికి ఏ కంసాలి దగ్గరికి వెళ్ళినా నల్లపూసలకు మాత్రం బిట్రావారి రాఘవమ్మ గుమ్మం ఎక్కాల్సిందే. సత్తెనపల్లి అవతలి రైతులు కూడా మిర్చి అమ్ముకుని, బట్టల్లో ఆ ఘాటు పోకముందే రైలెక్కి, తుమ్ముకుంటూ వచ్చేవారు. అంత దూరం దేనికయ్యా అని అడిగితే, ఆవిడ కట్టిన తాడు తెగదు అనేవారు. ఆ మాటలో అతిశయం లేదు.

సూది వాడేది కాదు రాఘవమ్మ. సూది తగిలితే పూస అంచు చిట్లుతుందని ఆవిడ వాదన. మూడు పట్టుపోగులు కలిపి పేని, కొసను గంజిలో ముంచి ఎండలో ఆరబెడితే అదే సూదిలా నిలబడేది. పోగు తెగినప్పుడు మగ్గం మీద వేసే ముడినే పగడం పగడానికీ వేసేది. చాటలో పూసలు పోసుకుని, పైకి లెక్కపెట్టుకుంటూ గుచ్చేది. అంత అనుభవం వచ్చాక కూడా ఆ లెక్కేమిటని ఎవరైనా ఎగతాళి చేస్తే, ‘మనసు ఊరు తిరుగుద్దమ్మా, లెక్క తిరగదు’ అనేది.

నల్లపూసలు ఇంటికో తీరు. కొందరికి అయిదు పూసలకో పగడం, కొందరికి ఏడు, కొందరికి ఉత్త నల్లపూసలే. పెళ్ళికొడుకు ఇంటిపేరు చెబితే చాలు, తక్కినది రాఘవమ్మకు తెలుసు. నూరిళ్ళ తీర్లు నోటికి వచ్చు, కాగితం మీద ఒక్కటీ లేదు. అన్నిటిలోకీ వింతైనది ఆవిడ అత్తవారిదే. తొమ్మిది పూసలకో పగడం, కుడివైపు పుస్తె పైన ఒక్కటంటే ఒక్క తెల్లటి శంఖపు పూస. నల్లపూసల్లో తెల్లపూస ఏమిటని ఊళ్ళో వాళ్ళు ముక్కున వేలేసుకునేవారు. ఆ ఇంటి కోడలు తప్ప ఇంకెవరూ వేసుకోరు. ఆ ఇంటికి ఉన్నది ఒక్కడే కొడుకు కాబట్టి, అలాంటి తాడున్న మెడ కూడా లోకంలో ఒక్కటే. అది రాఘవమ్మది.

ఈ విద్య నేర్పింది అత్తగారు నాంచారమ్మ. నల్లపూసలు గుచ్చేది పునిస్త్రీ అయి ఉండాలి. మామగారు పోయిన రోజున నాంచారమ్మ దారం కింద పెట్టింది, మళ్ళీ ముట్టలేదు. విద్య ఎక్కడికీ పోలేదు, చెయ్యి మాత్రం ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. ఇదెక్కడి న్యాయమని ఆ రోజుల్లో అడిగినవాళ్ళు లేరు. తరవాత కళ్ళకు శుక్లాలు కమ్మి, గోడవారన చాప మీద కూర్చుని కోడలి లెక్క వింటూ కాలం గడిపేది.

రాఘవమ్మ మొగుడు పానకాలు యాభై రెండులో, నూలు దొరక్క మగ్గాలు మూలపడ్డప్పుడు, షోలాపూర్ మిల్లుకు వెళ్ళాడు. రెండేళ్ళు ఉత్తరాలు రాశాడు. ఆ తరవాత నల్లపూసైపోయాడు. వస్తాడా రాడా అని అమ్మలక్కలు గుసగుసలాడుకున్నారు గాని, పోయాడన్న కబురు రాలేదు కాబట్టి రాఘవమ్మ పునిస్త్రీయే, ఆవిడ చెయ్యి మంచి చెయ్యే. కనబడని మగవాడు ఎక్కడో ఊపిరి తీస్తుండబట్టి ఇక్కడ ఇద్దరు ఆడవాళ్ళకు పొయ్యి వెలిగేది. ఎవరైనా అడిగితే ‘వస్తాడు’ అనేది. అన్నప్పుడల్లా కొంచెం నమ్మేది కూడా.

యాభై తొమ్మిది వేసవిలో ఒక ఉదయం, చీరాల చీరలు మూటగట్టి షోలాపూర్ దాకా తిరిగి అమ్ముకొచ్చే బుడాన్ వచ్చాడు. అరుగు మీద కూర్చుని, చొక్కా జేబులోంచి చిన్న పొట్లం తీశాడు.

“అక్కా, అక్కడ మనవాళ్ళుండే వీధిలో ఒకాయన ఇచ్చాడు. మిల్లులో చేస్తాడంట. పెళ్ళాం నల్లపూసలు తెగినయ్యంట, చీరాలలోనే కట్టించుకురమ్మన్నాడు. లక్ష్మివారం బండికి మళ్ళీ పోవాల నేను.”

“ఇంటిపేరేంటి?”

“చెప్పలా. తీరు మాత్రం చెప్పి, నా చేత మూడుసార్లు అనిపించాడు. తొమ్మిది నల్లపూసలకో పగడం. ఎడమపక్క పుస్తె పైన ఒక తెల్లపూస. అది కూడా పొట్లంలోనే ఉంది, చూసుకో.”

రాఘవమ్మ చాటలో చెయ్యి అలాగే ఉంచింది. “ఇంకోసారి చెప్పు” అంది. బుడాన్ ఇంకోసారి చెప్పాడు. ఎడమపక్కేనా అని అడిగింది. ఎడమపక్కే అన్నాడు.

అతను వెళ్ళాక ఆవిడ మెడలో తాడు తడిమి చూసుకుంది. తెల్లపూస కుడివైపే ఉంది, ఎప్పుడూ ఉన్నచోటే. వేసుకున్న ఆడది ఏదీ దాన్ని ఎడమ అనదు. ఎదురుగా కూర్చుని, ఆ మెడకేసి చూసిన మనిషికే అది ఎడమ. అంత దగ్గరగా, అన్నాళ్ళు ఎదురుగా కూర్చున్నవాడు ఒక్కడే. పేరు దాచాడు గాని పూసను దాచలేకపోయాడు వెర్రివాడు. ఇంకోదాన్ని కట్టుకున్నవాడు దాని మెడలోకి కూడా ఇంటి ఆనవాయితీ తప్పకూడదనుకున్నాడు. కట్టేది రాఘవమ్మేనని తెలిసే పంపాడో, చీరాలలో ఇంకెవరైనా కట్టకపోతారా అనుకున్నాడో, ఆ దేవుడికే తెలియాలి.

కోపం వచ్చింది. ఒళ్ళంతా మండిపోయేంత కోపం వచ్చింది. ఆ పొట్లం తీసుకెళ్ళి మురుక్కాలవలో పారబొయ్యాలనిపించింది. అంతకంటే సులువైనది ఇంకోటుంది. ముడి ఒక్కటి వదులుగా వేస్తే ఏడాది తిరక్కముందే తెగుతుంది. నల్లపూసలు ఊరికే తెగితే మొగుడికి కీడంటారు. ఆ ఆలోచన దగ్గర కాసేపు ఆగింది గాని, అంతలోనే నవ్వొచ్చింది. మొగుడు ఎవరు? దానికీ తనకీ ఒక్కడే. అక్కడ తాడు తెగి వాడికేమైనా అయితే, ఇక్కడ తన తాడూ తెంచాలి. అత్తలాగే దారం కింద పెట్టి, ఆ పక్కనే ఇంకో చాప పరుచుకోవాలి. ఆ సవతి తాడు గట్టిగా ఉండాలని కోరుకోవాల్సింది అందరికంటే ముందు తనే. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే కాబోలు అనుకుంది.

రెండు రోజులు పొట్లం విప్పలేదు. బుధవారం పొద్దున్న పోగులు పేని, గంజి పట్టించి, చాట ముందేసుకుంది. లెక్కపెట్టకుండా గుచ్చుదామనుకుంది గాని అలవాటు ఊరుకోనివ్వలేదు. ఒకటి, రెండు, మూడు... తొమ్మిది. పగడం. ముడి. మళ్ళీ ఒకటి.

నాలుగో పగడం దగ్గర, చాప మీదున్న నాంచారమ్మ తల ఎత్తింది.

“తొమ్మిదా? మనింటి లెక్క గదే అది! ఎవరికి గుచ్చుతున్నావు?”

రాఘవమ్మ ముడి బిగించింది. “నాకే అత్తా. దారం నలిగింది, కొత్తది ఎక్కిస్తన్నా.”

ముసలామె మొహం విప్పారింది. “మావాడు వస్తన్నాడా? కబురేమన్నా వచ్చిందా?”

ఉన్నదున్నట్టు చెప్పేస్తే తనకు సగం బరువు తగ్గును. ఆ సగం వెళ్ళి గుడ్డిదాని నెత్తిన పడును. ఏడేళ్ళుగా కొడుకు కోసం చెవులు రిక్కించుకున్న మనిషి.

“బతికే ఉన్నాడంట అత్తా. బుడాన్ చెప్పాడు. పని వత్తిడంట.”

“అంతే చాలమ్మా” అని నాంచారమ్మ రెండు చేతులూ జోడించింది. చేతులు దించి, “తెల్లపూస కుడివైపే వెయ్యి. ఎడమకేస్తే మనింటిది కాదు” అంది.

“కుడివైపే అత్తా.”

అంది గాని వెంటనే వెయ్యలేదు. ఎడమకు వేస్తే ఆ ముండ బిట్రావారి కోడలు కాకుండా పోతుంది. చెప్పినట్టే కట్టానంటే అడిగేవాడూ లేడు. పూస వేళ్ళ మధ్య చాలాసేపు తిప్పింది. చివరికి కుడివైపే ఎక్కించింది. తప్పు తీరు తన చేతి మీదుగా గడప దాటడం ఆవిడకు చేతకాలేదు. ముడి మీద ముడి వేసి బిగించింది. అంత గట్టి తాడు ఏ పెళ్ళికూతురికీ కట్టలేదు.

మర్నాడు బుడాన్ వచ్చి తాడు చూసి, “ఎడమన్నాడు గదక్కా!” అని కంగారుపడ్డాడు.

“ఆయన ఎదురుగా నిలబడి చూశాడు, అందుకని ఎడమనుకున్నాడు. వేసుకున్నదానికి అది కుడి. బిట్రావారింట్లో అంతేనంట, రాఘవమ్మ చెప్పిందని చెప్పు.”

“అంతేనా?”

“అమ్మకి కళ్ళు పోయినయ్యని కూడా చెప్పు” అంది రాఘవమ్మ. అతను వీధి మలుపు తిరిగేదాకా చూసి, లోపలికి వచ్చి, ఇంకో ఇంటి పూసలు చాటలో పోసుకుంది. ఆ ఇంటి లెక్క ఏడు.