మధ్యాహ్నం ఆగని మగ్గం

మా నాయన ఇంట్లోనే పట్టుచీరలు నేస్తాడు. ఎండాకాలంలో చెమట చీర మీద పడుతుందని మధ్యాహ్నం మగ్గం ఆపేస్తాడు. అందుకే ఈ రోజు తెల్లారకముందే సున్నంలో గంజి కలిపి మిద్దె పైనంతా పూశాను.

"ఏమ్మా, మిద్దెకు పెండ్లి చేస్తాండావా?" అన్నాడు నాయన, మెట్ల మీద నిలబడి.

"నీ మగ్గానికి గొడుగు పడతాండా నాయనా."

"సున్నానికి ఎండ బెదురుతాదా?" అని నవ్వుకుంటూ దిగిపోయాడు.

మధ్యాహ్నం చాప మీద వాలి, మగ్గం చప్పుడు ఎప్పుడు ఆగుతుందా అని వింటూ ఉన్నాను. ఆగలేదు. వింటూ వింటూనే ఏదో తెల్లటి మబ్బు కింద ఉన్నట్టు నిద్రపోయాను. లేచేసరికి చీర అంచులో కొత్త నెమలి ఒకటి వాలి ఉంది.

"ఈ పొద్దు ఎండ తక్కువలే," అన్నాడు నాయన.

మా ధర్మవరం వాళ్లెవరైనా ఉంటే చెప్పండి, ఈ రోజు ఎండ తక్కువగా ఉండిందా?