పాపం లేని జాబెజ్

జాబెజ్ మాడక్ పేరెత్తితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. అమెరికాలో ఇండియానాలోని మా క్వేకరు క్రైస్తవుల్లో నాగళ్ళ కార్ఖానా పెట్టి బాగుపడ్డవాడు. ఒకటే ధర, బేరాల్లేవు, దగా లేదు. అది నిజమే, కాదనను. మా ఆరాధనలో పాటలుండవు, పాదిరీ ఉండడు. అందరం మౌనంగా కూర్చుంటాం. దేవుడు కదిలిస్తేనే ఎవరో ఒకరు లేచి నాలుగు మాటలు చెబుతారు. పెద్దల బల్ల మీద కూర్చుని, ఎవరైనా గట్టిగా దగ్గినా ఉరిమి చూసేవాడు జాబెజ్.

కూతురు కెటూరా, పాటలు పాడే మెథడిస్టుల శాఖలోని ఒక వడ్రంగిని చేసుకుంది. పాటల మధ్య, పాదిరీ చేత పెళ్ళి! ఆమె పేరు సంఘంలోంచి కొట్టేయాలని అందరికన్నా ముందు లేచింది కన్నతండ్రే. అందరి ముందూ నిలబడి తప్పయిందంటే మళ్ళీ చేర్చుకోవడం మా పద్ధతి.

"మనసుకు నచ్చినవాణ్ణి చేసుకుంటే తప్పెట్లా అవుతుంది?" అంది కెటూరా. తప్పయిందన్న మాట అననే లేదు.

అప్పట్నుంచి ఆరాధనకు వచ్చినా వెనక బల్ల మీద ఒంటరిగా కూర్చునేది. ముందు కూర్చునే తల్లి హుల్డా, మొగుడికి జడిసి కూతురి వైపు చూసేది కూడా కాదు.

కొన్నేళ్ళకు ఈ మహానుభావుడు ఏదో గుడారం సభకు వెళ్ళి, పరిశుద్ధుడై తిరిగొచ్చాడు! ఒక్క సాయంత్రంలో పాపమంతా వేళ్ళతో సహా పోయిందట. కార్ఖానా అమ్మేసి మా ఆరాధనలోనే ప్రసంగాలు మొదలుపెట్టాడు. మా మౌనమంతా ఏట్లో కలిసింది. అరుపులు, చప్పట్లు, పాటలు! మెథడిస్టులే చెవులు మూసుకోవాలి ఆ గొంతుకి.

ఒక ఆదివారం, పాపులు మోకరించడానికని ముందు ఒక బల్ల వేయించి, రండి రండి అని పిలుస్తున్నాడు. వెనకనుంచి కెటూరా లేచి వచ్చింది. ఆయన మొహం వెలిగిపోయింది.

"రా తల్లీ, మోకరించు."

"అందుకు రాలేదు నాన్నా. పాటలు పాడేవాణ్ణి చేసుకున్నానని నన్ను వెళ్ళగొట్టావు. ఇప్పుడు నువ్వే పాడుతున్నావు. తప్పయిందని అందరి ముందూ ఒక్క మాట అను. వెళ్ళి అమ్మ పక్కన కూర్చుంటాను. నాకింకేం వద్దు."

"నా పాపాలన్నీ ప్రభువు కడిగేశాడమ్మా. లేని తప్పు ఒప్పుకుంటే అబద్ధమాడినట్టు కాదూ?"

ఆహా, ఏం తెలివి! ఇలాంటి పరిశుద్ధత కంటే మా ఊరి తాగుబోతులు నయం. పొద్దున్నే కనీసం తలైనా దించుకుంటారు.

అప్పుడు హుల్డా లేచింది. ఆరాధనలో ఆమె గొంతు మేమెవరమూ ఎప్పుడూ వినలేదు.

"నీకు పాపం లేదు, సరే జాబెజ్. నాకుంది." కూతురి వైపు తిరిగింది. "మన సంఘంలో ఒక్కరు కాదన్నా ఆ పని ఆగిపోయేది. నీ పేరు కొట్టేస్తుంటే నేను నోరు మూసుకుని కూర్చున్నానే. తప్పయింది తల్లీ."

కూతురి చెయ్యి పట్టుకుని వెళ్ళి వెనక బల్ల మీద కూర్చుంది. ఇద్దరూ ఏడుస్తున్నారు.

జాబెజ్ ఒక్క క్షణం అటే చూశాడు. తర్వాత రెండు చేతులూ పైకెత్తి, "హల్లెలూయా! ఒక పాపి కదిలింది!" అని పాట ఎత్తుకున్నాడు.