కొండ ఊరికి మా బావ వేసిన చార్టు

మా చెల్లెలి భర్త బస్సు డిపోలో టైం కీపరు. ఏ బస్సు ఎన్నింటికి బయలుదేరాలి, ఎక్కడ ఎంతసేపు ఆగాలి, ఎన్నింటికి తిరిగి రావాలి అని పెద్ద కాగితం మీద గళ్ళు గీసి రాయడం ఆయన పని. ఆ కాగితాన్ని చార్టు అంటారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ డిపోలో ఆయన చార్టు లేకుండా చక్రం కదలలేదు. వరసకు నాకు బావ, వయసులో ఎనిమిదేళ్ళు చిన్న. డిపోలో అందరూ ఆయన్ని రిజర్వు గారు అంటారు. మొదట్లో వెనకాల అనేవారు. కోపం రాదని తెలిశాక ఎదురుగానే అంటున్నారు.

ఆ పేరు ఎందుకొచ్చిందంటే, ప్రతి ప్రయాణంలోనూ ఆయన కొంత సమయం అదనంగా వేస్తాడు. దాన్ని రిజర్వు అంటారు. టైరు పంక్చరైతే ఇంత, రైలు గేటు పడితే ఇంత, సీటు కోసం ఇద్దరు కొట్టుకుంటే విడదీయడానికి అయిదు నిమిషాలు. ఆయన చార్టు ప్రకారం నడిచిన బస్సు ఆలస్యం కావాలంటే చాలా కష్టపడాలి.

ఇదంతా చెప్పడానికి నువ్వెవరయ్యా అంటారేమో, చెబుతాను. మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. దస్తూరిలో బడి మొత్తానికి నేనే ముందు. మాస్టారు నా పలకను మిగతా తరగతులకు పంపించి చూపించేవారు. ముప్ఫై మూడేళ్ళు బస్సు నడిపాను. అందులో పదకొండేళ్ళు కొండ ఊరి బస్సే. నాకు ముందు ఆ దారికి వేసిన ఇద్దరు డ్రైవర్లు ఏడాది తిరక్కుండా బదిలీ అడుక్కుని వెళ్ళిపోయారు. ఒక్క ప్రమాదం లేదు, ఒక్క ఫిర్యాదు లేదు. కొండ కింది స్టేజీ నుంచి పైకి ఒక్కరోజు కూడా ఆలస్యంగా బయలుదేరలేదు. మూడు పతకాలు ఇచ్చారు. మూడూ గోడమీదే ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

ఇక సంగతికి వస్తాను.

మా చెల్లెలికి వీధి చివర కుట్టు దుకాణం ఉంది. పరదాలు, దిండు గలేబులు కుట్టడంలో ఆమె చెయ్యి పెట్టింది పేరు. ఆ కొండ ఊళ్ళో లాడ్జి నడిపే ఒకాయన దిగి వచ్చి, ఇరవై నాలుగు కిటికీలకు మందపాటి పరదాలు కుట్టించుకుని వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ, "ఇవి వేశామంటే లోపలున్నవాళ్ళకి తెల్లారిందో లేదో కూడా తెలీదమ్మా, పదింటిదాకా లేవరు" అన్నాడట. అప్పటినుంచి మా చెల్లెలి మనసంతా ఆ గదుల్లోనే ఉంది.

దానికి కారణం ఉంది. డిపోలో మొదటి బస్సు నాలుగుంపావుకు కదులుతుంది. మొదటి బస్సు ఆలస్యమైతే ఆ రోజంతా చెడిపోతుందని మా బావ నమ్మకం. అందుకని దాన్ని పంపించే డ్యూటీ ఇంకెవరికీ ఇవ్వడు. నాలుగింటికల్లా గేటు దగ్గర ఉంటాడు. ఆయనకు క్యారేజీ కట్టడానికి మా చెల్లెలు మూడింటికి లేస్తుంది. పెళ్ళయిన ఇరవై తొమ్మిదేళ్ళ నుంచీ ఇదే వరస. వారానికోసారి ఆయనకు సెలవుంటుంది కదా అంటే, ఆ రోజు కూడా మూడింటికే అలారం మోగుతుంది, అలవాటు తప్పకూడదని.

ఒక రోజు ఆమె ఆయన్ని కూర్చోబెట్టి చెప్పింది. "నాకు ఒక్క పొద్దున కావాలండీ. ఆ లాడ్జిలో, నేను కుట్టిన పరదా వెనకాల పడుకుని, ఎవరూ లేపకుండా నా అంతట నేను లేవాలి. నగలొద్దు, చీరలొద్దు. ఇదొక్కటి చెయ్యండి."

"ఓస్, ఇంతేనా!" అన్నాడు మా బావ. శని, ఆదివారాలు రెండు రోజులు సెలవు పెట్టాడు. పెట్టి, వారం రోజులు కూర్చుని చార్టు వేశాడు.

ఆ కొండ దారి నాకంటే తెలిసినవాడు లేడు కాబట్టి నన్ను పిలిపించారు. వెళ్ళేసరికి భోజనాల బల్ల మీద చార్టు పరిచి ఉంది. నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టారు. ఎర్ర సిరా, నల్ల సిరా, స్కేలు పెట్టి గీసిన గీతలు. పని మాత్రం ముచ్చటగా ఉంది, అది ఒప్పుకోవాలి.

చదివాను. శనివారం పొద్దున నాలుగూ పదికి ఇంట్లో బయలుదేరాలి. కొండ ఊరు చేరేది సాయంత్రం అయిదూ నలభైకి. ఆదివారం పొద్దున నాలుగున్నరకు తిరుగు ప్రయాణం. ఇంటికి చేరేది సాయంత్రం ఆరింటికి. తిని ఏడింటికల్లా పడుకుంటే, సోమవారం డ్యూటీకి మూడింటికి లేచేలోపు ఎనిమిది గంటల నిద్ర.

"బావా, అది అయిదు గంటల దారి. పదమూడున్నర గంటలు ఎలా పట్టింది?" అన్నాను.

"మీరు వట్టి దారి చూస్తున్నారు బావగారూ. నేను అన్నీ చూశాను. కొండ కింద పొగమంచుకి రెండు గంటలు. కొండచరియ పడితే తీసేదాకా రెండు గంటలు. ఆవులు అరగంట. ఈవిడకి కడుపులో తిప్పితే ముప్పావు. లాడ్జి కనబడకపోతే గంట."

"ఆ ఊళ్ళో ఉన్నది ఒకటే వీధి."

"అందుకే గంటతో సరిపెట్టాను."

"మరి ఊరు చూసేది?"

వేలు పెట్టి చూపించాడు. అయిదూ నలభై నుంచి ఆరూ ఇరవై దాకా. ఆరూ ఇరవైకి చీకటి పడుతుంది. గడిలో 'ఊరు చూచుట' అని రాసి కింద గీత కూడా గీశాడు.

మా చెల్లెలు వంటగది గుమ్మంలో నిలబడి వింటోంది. "ఆదివారం నాలుగున్నరకి బయలుదేరాలంటే నేనెన్నింటికి లేవాలి?" అంది.

"మూడున్నరకి. రోజూకన్నా అరగంట ఎక్కువే పడుకోవచ్చు" అన్నాడు మా బావ, పెద్ద వరం ఇచ్చినట్టు.

ఆమె లోపలికి వెళ్ళి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. అవి అప్పటికే తోమిన గిన్నెలు.

ఇక నేను ఊరుకోలేకపోయాను. "ఈ రిజర్వులన్నీ తీసి పారెయ్ బావా. పదకొండేళ్ళు ఆ దారిలో నడిపాను. ఒక్క నిమిషం రిజర్వు వాడుకున్నవాణ్ణి కాదు. నా కారులో నేనే తీసుకెళ్తాను. అయిదు గంటలు, అంతే."

మా బావ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చెప్పకూడదనుకున్నాను బావగారూ. మీ చార్టులో కొండ కింద ఇరవై అయిదు నిమిషాలు ఎప్పుడూ ఉండేది."

"అది టీకి ఆగేది కదా!"

"టీకి ఎవరైనా ఇరవై అయిదు నిమిషాలు ఇస్తారా? టీ అని రాస్తేనే మీరు ఒప్పుకుంటారని అలా రాశాను. రిజర్వు అని రాస్తే ఆ కాగితం నా మొహాన కొట్టేవారు."

నేను లెక్కేసుకున్నాను. వానల్లో పది నిమిషాలు, పదిహేను నిమిషాలు వెనకబడి కొండ కిందికి చేరిన రోజులు చాలానే ఉన్నాయి. టీ గబగబా తాగేసి చెప్పిన టైముకే కదిలేవాణ్ణి. మూడో పతకం ఇచ్చినప్పుడు చదివిన కాగితంలో 'సమయపాలన' అనే మాట రెండుసార్లు వచ్చింది. బస్సు నడిపింది నేనే, మలుపులు తిప్పింది నేనే, అందులో ఎవరికీ వాటా లేదు. సమయపాలన సంగతి మాత్రం ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి అందరికీ తెలిసింది.

గిన్నెల చప్పుడు ఆగింది. మా చెల్లెలు చేతులు తుడుచుకుంటూ వచ్చి బల్ల దగ్గర నిలబడింది.

"మా అన్నయ్యకి ఇరవై అయిదు నిమిషాలు పెట్టారు. ఆయనకి చెప్పకుండా పెట్టారు. ఆవులకి అరగంట పెట్టారు. చాలా సంతోషం. ఇందులో నాకెక్కడ పెట్టారో చూపించండి, నోరు మూసుకుని వచ్చేస్తాను."

ఇంకొకడైతే ఏదో సర్ది చెప్పేవాడు. మా బావ కళ్ళజోడు పెట్టుకుని నిజంగానే వెతికాడు. పై గడి నుంచి మొదలుపెట్టి వేలితో ఒక్కొక్కటీ చూసుకుంటూ కిందికి వచ్చాడు. కడుపులో తిప్పే ముప్పావు గంట దగ్గర వేలు కాసేపు ఆగింది. ఆమె మొహం చూసి, దాన్ని దాటించాడు. చివరి గడి దాకా వెళ్ళి, కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాడు.

"లేదు" అన్నాడు.

"ఇరవై తొమ్మిదేళ్ళ చార్టులూ బయటికి తియ్యమంటారా, వెతకడానికి?" అంది మా చెల్లెలు.

ఆయన లేచి చెప్పులు వేసుకుని డిపోకు వెళ్ళిపోయాడు. అక్కడ జరిగింది డిపో మేనేజరే తర్వాత నాతో చెప్పాడు, నా దగ్గర పని నేర్చుకున్నవాడే. మా బావ వెళ్ళి సోమవారం, మంగళవారం కూడా సెలవు కావాలని కాగితం ఇచ్చాడట. మేనేజరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట.

"ఎవరైనా పోయారా?"

"లేదు సార్. మా ఆవిడ పడుకోవాలి."

"ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది. పడుకోవాలి, అంతే."

"ఇంట్లో పడుకోకూడదా?"

"కొండ మీద పడుకోవాలి సార్."

మేనేజరు సంతకం పెట్టాడట. మొదటి బస్సు సంగతేమిటని అడిగితే, మా బావ చాలాసేపు ఆలోచించి, "దానికి డ్రైవరున్నాడు సార్" అన్నాడట. నేను బతికుండగా ఆ మాట ఆయన నోట వస్తుందని అనుకోలేదు.

ఆ సాయంత్రం ఇంకో చార్టు వేశాడు. బయలుదేరేది తొమ్మిదింటికి, నా కారులో. కొండచరియను తీసేశాడు. ఆవుల్ని పది నిమిషాలకు తగ్గించాడు. ఆదివారం గడిలో ఒకే మాట రాశాడు: 'నిద్ర'. మొదలయ్యే సమయం వేశాడు. ముగిసే సమయం దగ్గర పెన్ను పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, ఖాళీగా వదిలేశాడు. భోజనం చేస్తున్నంతసేపూ ఆ ఖాళీ గడి వంక చూస్తూనే ఉన్నాడు.

శనివారం నేను అనుకున్నట్టే తీసుకెళ్ళాను. కొండ కిందికి వచ్చాక, "టీ తాగుదామా బావగారూ?" అన్నాడు వెనక సీట్లోంచి. అక్కర్లేదన్నాను. ఇంకో ఫర్లాంగు వెళ్ళాక కారు వెనక్కి తిప్పి ఆపాను. టీ బాగానే ఉంది. ఆవులు ఎక్కడా లేవు.

లాడ్జిలో రెండు గదులు. ఆదివారం ఏడింటికి నేను వరండాలోకి వచ్చేసరికి మా బావ వాళ్ళ గది తలుపు ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. టీ తెచ్చినవాణ్ణి చేత్తోనే ఆపేశాడు. తుడవడానికి వచ్చినామెను మెట్ల దాకా నడిచి వెళ్ళి పంపించాడు. పక్క గదిలో ఎవరో రేడియో పెడితే వెళ్ళి తలుపు తట్టి, "లోపల మనిషి పడుకుని ఉందండీ" అన్నాడు. ఎదురుగా కొండలమీద మబ్బులు కిందికి దిగుతున్నాయి. నేను చూడమన్నా ఆయన అటు తిరగలేదు. తలుపు వంకే చూస్తున్నాడు.

తొమ్మిదీ నలభైకి తలుపు తెరుచుకుంది. మా చెల్లెలు జుట్టు ముడి వేసుకుంటూ వచ్చింది.

"బాగా నిద్ర పట్టిందా?" అన్నాడు మా బావ, లేచి నిలబడి.

"మూడింటికే మెలకువ వచ్చేసింది."

ఆయన మొహం వాడిపోయింది. మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. "అయ్యో. మరి ఇంతసేపూ ఏం చేశావు?"

"ఏమీ చెయ్యలేదు" అంది మా చెల్లెలు. నా పతకాల గురించి నేను కూడా అంత గర్వంగా ఎప్పుడూ చెప్పి ఉండను. "మూడింటి నుంచి ఇప్పటిదాకా పక్కమీంచి లేవలేదు. మీరు లేచి వెళ్ళడం విన్నాను, ఎవర్నో కసరడం విన్నాను. దేనికీ లేవలేదు."

టీ తెమ్మని కేకేసి, ఆయన్ని లేపి ఆ కుర్చీలో ఆమె కూర్చుంది.

"రేపు నిద్ర పడుతుందేమో చూద్దాం" అంది. "మంగళవారం కూడా ఉంది కదా."