నా బతుకమ్మ బరువు

మెడనొప్పి చేతుల్లోకి ఎందుకు దిగుతుందని అడిగితే ఒకరు దిండంటారు, ఒకరు ఫోనంటారు, ఒకరు అరిగిన ఎముకలంటారు. నాకు మాత్రం మా స్వరూపక్క బతుకమ్మ వల్ల వచ్చింది. ఆ ఏడాది మానుకోటలో నా పరువు ఎలా నీట మునిగిందో చెబుతాను. నవ్వుకోండి గానీ మా అత్తమ్మ దగ్గర మాత్రం ఈ మాట ఎత్తకండి. ఆమె ఇప్పటికే వాడంతా చెప్పేసింది.

స్వరూపక్క నాకు యారాలు, అంటే మా బావగారి భార్య. ఏటా పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, ఆడవాళ్లంతా ఆమె బతుకమ్మ చుట్టే చేరేవారు. "అబ్బ, ఎంత ముద్దుగ పేర్చినవే స్వరూపా!" అంటుంటే నా కడుపు భగభగ మండేది. పక్కనే నా బతుకమ్మ బస్సు తప్పిపోయిన దానిలా బిక్కుబిక్కుమంటూ ఉండేది.

ఆ ఏడు ఆమెకంటే ఎత్తు పేర్చాలని పట్టుబట్టాను. తంగేడు, గునుగు, బంతి వరసల మీద వరసలు పేర్చి నా నడుము దాటించాను. అదేమో తాగినవాడిలా ఒక పక్కకు ఒరిగిపోతోంది. మామూలుగా నడుమ ఆకులు, కాడల ముక్కలు నింపుతాం. నా కుళ్లుకు ఆకులెక్కడ సరిపోతాయి? పెరట్లోని తడి నల్లమట్టి ముద్దలు ముద్దలుగా కూరేశాను. ఇక అది కదిలితే ఒట్టు!

తలకెత్తుకోగానే పట్టపగలే చుక్కలు కనిపించాయి.

"గంత బరువున్నట్టుందేందే పద్మా? జర నేను పట్టుకుంట ఆగు," అంది స్వరూపక్క.

"పూలకు బరువేందక్కా? నువ్వు నీది సూస్కో," అన్నాను.

దారి పొడుగునా అందరూ నా బతుకమ్మనే చూశారు. ఆ సంబరంలో మెడ కటుక్కుమన్నా పట్టించుకోలేదు. చెరువులో వదిలాక అందరి బతుకమ్మలూ ఊగుతూ తేలిపోయాయి. నాది బుడుంగున మునిగిపోయింది. పైన ఒక్క బంతిపువ్వు మిగిలింది.

అందరూ నోళ్లు తెరిచారు. నేను తడుముకోకుండా, "సూసిన్రా, గౌరమ్మ నాదే ముందుగాల తీస్కుంది!" అన్నాను. అత్తమ్మ కళ్లు తుడుచుకుని దండం పెట్టింది.

తెల్లారేసరికి మెడ పట్టేసింది. నొప్పి భుజం మీదుగా చేతిలోకి దిగి, వేళ్లు తిమ్మిరెక్కి, చాయ్ గ్లాసు జారిపోయింది.

"దిష్టి తగిలింది బిడ్డా," అంది అత్తమ్మ.

"ఎవ్వల కండ్లు వడ్డయో నాకెర్కే," అంటూ స్వరూపక్క వైపు గుర్రుగా చూడబోయాను. మెడ తిరగలేదు.

ఆ మహాతల్లే నన్ను ఆటో ఎక్కించి, అత్తమ్మతో కలిసి దవాఖానకు తీసుకెళ్లింది.

"డిస్కు జరిగినా, ఎముకలు అరిగినా మెడకాడ నరం నొక్కుకుంటదమ్మా. గప్పుడు నొప్పి చేతులల్లకు దిగుతది," అంది డాక్టరమ్మ. "తల వంచి ఫోన్ బాగ సూస్తవా?"

"లేదు మేడం."

"దిండు ఎత్తు వెట్టుకుంటవా?"

"దిండే వెట్టుకోను."

"బరువేమన్న మోసినవా?"

"బతుకమ్మ మోసిన. ఉత్త పూలే."

డాక్టరమ్మ మొహం మారిపోయింది. "పూలకే గిట్లయితే నాకు అనుమానంగుంది. వరంగల్ పోయి పెద్ద స్కానింగ్ తీయించున్రి."

అత్తమ్మ అక్కడే శోకం అందుకుంది. స్వరూపక్క నా చేయి పట్టుకుని, "నీకేం గాదు చెల్లె, నేను ఎంట వస్త," అని ఏడ్చేసింది. ఆమె ఏడుపు చూశాక నాకు సిగ్గేసింది.

"మేడం... లోపట జరంత మట్టి వెట్టిన."

"జరంతంటే?"

"సగం పెరడు."

అత్తమ్మ శోకం టక్కున ఆగింది. "గౌరమ్మ తీస్కుందంటివి గదనే!"

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేక, ఆ బరువుకే నరం నొక్కుకుందని చెప్పి, మెడకు పట్టీ వేసి, మందులు రాసిచ్చింది. వేళ్లలో పట్టు ఇంకా తగ్గితే మాత్రం వెంటనే రమ్మంది.

ఇంటికొచ్చాక వాడ ఆడవాళ్లు నన్ను చూడటానికి వచ్చారు. స్వరూపక్క నాకు జావ తాగిస్తుంటే, "యారాలంటే గిట్లుండాలె! ఎంత మంచిగ అర్సుకుంటున్నవే స్వరూపా!" అని మెచ్చుకున్నారు. నా కడుపు మళ్లీ భగ్గుమంది.

అప్పుడే ఆ మెడపట్టీ మీద చేయి వేసి ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో బతుకమ్మలో ఆకులు తప్ప మరేదీ కూరను. స్వరూపక్కను చూసి కుళ్లుకోనని మాత్రం ఒట్టు పెట్టలేదు. అది డాక్టరమ్మ చెప్పలేదుగా!